చందమామ దాకా వెళ్ళని తిరగలి

ముందే ఒప్పుకుంటున్నాను. చూడని సినిమాకి నేను పదేళ్ళపాటు సాక్ష్యం చెప్పాను. చూశానని ఒకసారి అబద్ధమాడి ఊరుకోవడం వేరు. నేను అక్కడితో ఆగలేదు. ఏ వేషం ఏ పక్కనుంచి వస్తుందో, రాజుగారి మీసం ఏ సీనులో వంకరగా ఉంటుందో, ఏ చోట బెంచీవాళ్ళు ఈలలు వేస్తారో చేతులు తిప్పుతూ చెప్పేవాణ్ణి. బుద్ధి ఉన్నవాడు చూసిన సినిమా గురించే ఆచితూచి మాట్లాడతాడు. నేను చూడనిదానికి పూచీ పడ్డాను.

ఎవరూ పట్టుకోలేదా అంటే, అదే వింత. మా ఊళ్ళో నా ఈడువాళ్ళంతా ఆ సినిమాని చిన్నతనంలో చూసినవాళ్ళే. నేను చెబుతుంటే "అవునవును, ఆ అవ్వ, ఆ వెన్నెల పిండి, భలేగా ఉంటుందిలే" అని తలలూపేవాళ్ళు. వాళ్ళలో ఒక్కడంటే ఒక్కడు "అలాంటిదేమీ లేదురా" అని ఉంటే నా కొత్త కాపురంలో అంత రభస జరిగేది కాదు. మరిచిపోయినవాళ్ళు మరిచిపోయామని ఒప్పుకోరు. వాళ్ళ మీద నాకు ఇప్పటికీ కోపమే.

కాని ఆ కోపం చిల్లర కోపం. అసలు కోపంలో పెద్దవాటా మా బావది. మిగిలింది ఆ సినిమాకీ, మా ఇంటి ఆచారానికీ చెరిసగం.

మాది నూజివీడులో మామిడికాయల వ్యాపారం. పూత మీద తోటలు కొని, కాయ దిగేదాకా ఆకాశంవైపు చూస్తూ బతికే కుటుంబం. నవరసాల్లో మా ఇంటికి తెలిసినవి రెండే, చిన్నరసం, పెద్దరసం. మొదటి కోత మొదలైన రోజు నుంచి ఆఖరి బండి వెళ్ళేదాకా మా ఇంటి మనిషెవరూ సినిమా హాలు మెట్లు ఎక్కకూడదు. అది ఆచారం. మా తాతగారు ఒక సీజన్లో సరదాపడి సినిమాకి వెళ్ళారట. ఇంటర్వెల్‌కి బయటికొచ్చి సోడా తాగుతుంటే గాలి లేచిందట. తెల్లారి తోటకి వెళితే కాయంతా నేలమీదే ఉందట. ఆ రోజు గాలి ఒక్క మా తోటలోనే వీచలేదు. సినిమా మొహం చూడనివాళ్ళ తోటలు కూడా రాలిపోయాయి. ఆ మాట మా నాన్నతో అనే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

దీనివల్ల ఎవరికీ నష్టం లేదు, నాకు తప్ప. పిల్లల సినిమాలు ఎండాకాలం సెలవుల్లోనే వచ్చేవి. మామిడిపండుకీ వాటికీ ఒకటే రుతువు. మా ఆఖరి బండి వెళ్ళి నాకు విడుదల దొరికేసరికి హాల్లో కోడళ్ళు ఏడ్చే సినిమాలు ఆడుతుండేవి. అలా నేను ఎగిరేవీ మాయమయ్యేవీ ఏవీ చూడకుండా, ఏడుపులు మాత్రం శుభ్రంగా చూస్తూ పెరిగాను.

యాభైల చివర్లో, నాకు పన్నెండో ఏడు నడుస్తుండగా ఆ సినిమా వచ్చింది. ఒక అనాథ కుర్రాడికి తిరగలి దొరుకుతుందట. పైరాయి తిప్పితే అది గాల్లోకి లేస్తుందట. బళ్ళో, బావి దగ్గర, ఎక్కడ విన్నా అదే మాట. నేను అన్నం మానేశాను. రెండో పూటకి ఆకలేసి తినేశాను గాని, మానేసినంతసేపూ గట్టిగానే మానేశాను.

అప్పుడే మా మేనత్త కొడుకు, నాకన్నా కాస్త పెద్దవాడు, సెలవులకి ఉంగుటూరు నుంచి దిగాడు. మా నాన్న తీర్పు చెప్పాడు.

"వాడు వేరే ఇంటివాడు. వాడు చూస్తే గాలి ఉంగుటూరులో వీస్తుంది. అక్కడ వరి ఎప్పుడో కోసేశారు, పోయేదేమీ లేదు. ఒరేయ్ అల్లుడూ, నువ్వెళ్ళి చూసొచ్చి వీడికి చెప్పు."

నా బదులు వేరేవాడు భోంచేసి వచ్చి నాకు రుచి చెబుతాడన్నమాట.

బావ చూసొచ్చాడు. కాయలు మాగేసే గదిలో, వరిగడ్డి మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. మామిడికాయలు మాగే గదిలో ఒక వెచ్చదనం ఉంటుంది, పసిబిడ్డ పక్కలో ఉన్నట్టు. ఆ చీకట్లో, ఆ వాసనలో ఏం చెప్పినా నిజమే అనిపిస్తుంది.

"చెప్పు బావా."

"చెప్పాలంటే గొంతు తడవాలి కదరా బామ్మర్దీ."

గడ్డిలో చెయ్యి పెట్టి, మెత్తబడ్డ రసం పండు ఒకటి తీసి ఇచ్చాను. అది అమ్మకపు పండు. ముట్టుకుంటే వీపు చిట్లుతుంది. బావ దాన్ని తీరిగ్గా పిసికి, ముచిక కొరికి ఊసి, పీల్చడం మొదలుపెట్టాడు. తిరగలి గాల్లోకి లేచింది. కుర్రాడు మబ్బుల్లో ఉండగా బావ టెంక చీకుతూ కూర్చున్నాడు. కుర్రాడు ఎక్కడ కింద పడతాడోనని నాకు ఊపిరాడలేదు. ఇంకో పండు చేతికి వస్తేగాని తిరగలి కదలలేదు.

ఇలా రోజూ. సినిమా రెండున్నర గంటలదైతే, బావ దాన్ని సెలవులంతా చెప్పాడు. తిరగలి చందమామ దాకా వెళ్ళింది. అక్కడ ఒక ముసలి అవ్వ. వెన్నెల విసిరేది ఆవిడేనట. గింజలు పోసి విసిరితే పిండి రాలుతుంది, ఆ పిండే మన ఇళ్ళమీద పడే వెన్నెల. అమావాస్యనాడు ఆవిడకి చెయ్యి నొప్పి. కాలక్రమాన ఆవిడ తిరగలి పైరాయి అరిగి అప్పడమైపోయింది. కుర్రాడు జాలిపడి తన పైరాయి తీసి ఆవిడకిచ్చాడు. ఇచ్చేశాక తెలిసింది, పైరాయి లేనిదే తను కిందికి దిగలేడని.

"అయ్యో, తర్వాత?"

"తర్వాత మా నాన్న వచ్చాడు. సాయంత్రం బస్సుకి వెళ్ళిపోతున్నాను."

మరుసటేడు అడిగితే, "ఏ కుర్రాడు రా?" అన్నాడు. ఆ అనాథని చందమామ మీద వదిలేసి ఉంగుటూరులో హాయిగా నిద్రపోయినవాడు మా బావ. నేను మాత్రం ఆ కథని ఊరందరికీ పంచిపెట్టాను. ముగింపు అడిగినవాళ్ళకి "అది నోటితో చెప్పేది కాదు, చూడాల్సిందే" అనేవాణ్ణి.

అరవైల చివర్లో, ఒక మాఘమాసంలో నాకు పెళ్ళయింది. అమ్మాయిది విస్సన్నపేట, వాళ్ళదీ మామిడి వ్యాపారమే. కాపురానికి వచ్చేసరికి సీజను నెత్తిమీద ఉంది. కొత్త జంటకి మా ఇంట్లో దొరికిన ఏకాంతం ఆ మాగేసే గదే. మధ్యాహ్నాలు ఇద్దరం కూర్చుని పండిన కాయలు ఏరేవాళ్ళం. ఏం మాట్లాడాలో నాకు తెలియలేదు. ఆవిడకీ తెలియలేదు. అప్పుడు నాకు తిరగలి గుర్తొచ్చింది.

చందమామ మీది అవ్వ దాకా చెప్పేసరికి మా ఆవిడ చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. "నిజంగా సినిమాలో అవ్వని చూపించారా?" అంది.

"చూపించకపోతే నాకెలా తెలుస్తుంది?"

"మీరు ఎన్నిసార్లు చూశారండీ?"

"లెక్కపెట్టలేదు" అన్నాను. ఒక్కసారైనా చూసినవాడికి కదా లెక్క!

ఆవిడ నాతో ధారాళంగా మాట్లాడటం ఆ అవ్వ దగ్గరే మొదలైంది. అవ్వ చెయ్యి ఎలా ఉంటుంది, కుర్రాడికి ఏం పెట్టింది, అన్నీ అడిగేది. నేను అన్నీ చూసినట్టే చెప్పేవాణ్ణి. ఆ రోజుల్లో నా సంసారమంతా ఆ ముసలావిడ విసిరిన పిండే.

ఆషాఢం వచ్చింది. కొత్త పెళ్ళికూతురు పుట్టింటికి వెళ్ళాలి, నెలంతా అత్తా అల్లుడూ ఒక గడప తొక్కకూడదు. మామిడి వ్యాపారికి ఏడాదిలో తీరిక దొరికేది సరిగ్గా ఆ నెలలోనే. పెళ్ళాం ఊళ్ళో లేనిదీ ఆ నెలలోనే. ఈ ఏర్పాటు చేసినవాడెవడో మామిడిపండు తినివుండడు.

అదే సమయానికి మా ఊరి హాలుకి ఆ పాత సినిమా మళ్ళీ వచ్చింది. నా గుండెలో రాయి పడాలి నిజానికి. పడలేదు. నాకు ఆనందం వేసింది. ఇన్నాళ్ళకి నేను కూడా చూస్తాను, అవ్వని చూస్తాను, ముగింపు తెలుస్తుంది అనుకున్నాను. నా మూర్ఖత్వానికి ఇంతకన్నా రుజువు వద్దు. పైగా విస్సన్నపేట నుంచి కబురు వచ్చింది. అల్లుడుగారు అంతగా చెప్పిన సినిమా కాబట్టి ఇంటిల్లిపాదీ బస్సెక్కి మ్యాట్నీకి వస్తున్నారట.

ఆషాఢంలో అత్తా అల్లుడూ ఒకే హాల్లోనా అని మా అమ్మ భయపడింది. మా అత్తగారే తేల్చారు. సినిమా హాలుకి గడప ఉండదు, గుడ్డ తెర ఉంటుంది, తెరకి నిషేధం లేదు. అయినా ఎందుకైనా మంచిదని ఆవిడ ఆడవాళ్ళ దారిలో వచ్చారు, నన్ను మగవాళ్ళ దారిలో రమ్మన్నారు. ఆవిడ పక్కన మా ఆవిడ. వాళ్ళ వెనక వరసలో నేను, నా పక్కన మా ఆవిడ తమ్ముడు.

సినిమా మొదలైంది.

ఇరవై రెండేళ్ళు దాటినవాడు పిల్లల సినిమా తొలిసారి చూడకూడదు. చూస్తే తాళ్ళు కనిపిస్తాయి. తిరగలి అట్టది. దాన్ని కట్టిన తాళ్ళు పలుపుతాళ్ళంత లావున్నాయి. మేక ఒకటి మాట్లాడింది. మాట్లాడి ఊరుకోకుండా పాడింది. పాడుతున్నంతసేపూ దాని గడ్డం కింద ఎవరిదో చెయ్యి కదులుతూనే ఉంది. నవ్వడం నిషేధించిన రాజు ఒకడు గంటసేపు కోపంగా నడిచాడు. ఆ నిషేధం మమ్మల్ని ఉద్దేశించే పెట్టాడేమో, నాకు ఒక్కసారీ నవ్వు రాలేదు. తిరగలి లేచింది. కోట బురుజు దాకా వెళ్ళింది. దిగింది. పైన అంత ఆకాశం ఖాళీగా ఉంది, ఎవరూ దాన్ని వాడుకోలేదు. ముందు బెంచీల్లో పిల్లలు కేరింతలు కొడుతున్నారు. వాళ్ళ మీద కూడా నాకు ఒళ్ళు మండింది. నాకు దక్కని వయసులో కూర్చుని, నాకు పనికిరానిదాన్ని చూసి సంబరపడుతున్నారు.

మా ఆవిడ తమ్ముడు చెవిలో అడిగాడు. "బావగారూ, అవ్వ ఎప్పుడొస్తుందండీ?"

"వస్తుంది."

"ఇంటర్వెల్ కూడా అయిపోయిందండీ."

"ముసలావిడ కదా, నడక నెమ్మది."

రాజు నవ్వాడు, రాజ్యం నవ్వింది, మేక నవ్వింది. తెరమీద శుభం పడింది.

"బస్సు దొరకలేదేమోలెండి మీ అవ్వకి" అన్నాడు వాడు, హాలంతా వినబడేలా. మా అత్తగారు పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మా ఆవిడ నవ్వలేదు. బయట ఎండలో, నాకు కాస్త దూరంగా నిలబడి, నావైపు చూడకుండా అంది.

"చూశానన్నారు. మీరు నాతో చెప్పినవాటిలో ఇంకేవేవి లేవో!"

బస్సు వచ్చింది, వెళ్ళిపోయారు.

అవ్వ లేకపోవడం చిన్న విషయం. కాని ఆవిడ ఆ ప్రశ్న పట్టుకుని ఆషాఢమంతా పుట్టింట్లో కూర్చుంటుంది. తమ్ముడు పూటపూటా వేళాకోళం చేస్తాడు. నేను వెళ్ళి చెప్పుకుందామంటే ఆ గడప తొక్కకూడదు. ఉత్తరం రాస్తే ముందు చదివేది తమ్ముడే. కాపురానికి తిరిగొచ్చేసరికి నా మాటకి పుచ్చిన మామిడికాయ పాటి విలువ కూడా ఉండదు.

మర్నాడే హనుమాన్ జంక్షన్‌లో బస్సు మారి ఉంగుటూరు వెళ్ళాను. బావ ధాన్యం బస్తాల మధ్య కూర్చుని ఉన్నాడు. ఆ మధ్యలో ఆయనే పెద్ద బస్తా. జరిగింది చెప్పాను. పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఆ సినిమాలో చెప్పడానికేముందిరా? కథ మొదటిరోజే అయిపోయింది. నువ్వేమో రోజూ పండు తెస్తివి. పండు ఉన్నన్నాళ్ళూ కథ ఉండాలిగా!"

"అయితే అవ్వ?"

"అది పెద్దరసం తిన్న రోజు."

కొట్టాలనిపించింది. కాని బావని కొట్టకూడదు. బావ మాటకి కోపం తెచ్చుకోకూడదు. బావకీ బామ్మర్దికీ పరాచికాలు ఉండాలని ఎవరో పెట్టారు, పరాచికం ఎవరిమీద అన్నది మాత్రం ముందు పుట్టినవాడికి వదిలేశారు. అందుకని బతిమాలాను. విస్సన్నపేట వెళ్ళి ఉన్న నిజం చెప్పమన్నాను. నాకు ఆ గడప నిషేధం గాని నీకు లేదు కదా అన్నాను.

"అంతేనా? రేపే వెళతాను" అన్నాడు.

వెళ్ళాడు. నాకు ప్రవేశం లేని ఇంట్లో నాకు జరగాల్సిన మర్యాదలన్నీ తను చేయించుకుని, పప్పూ పులుసూ గారెలూ తిని, సాయంత్రానికి మా ఇంటికి వచ్చి అరుగుమీద కూర్చున్నాడు.

"అంతా సర్దేశానురా. నీ పరువు దక్కింది."

"నిజం చెప్పావా?"

"నిజం చెబితే నా పరువేం కావాలి? పెద్దమనుషుల ముందు పండు కోసం అబద్ధాలాడానని చెప్పుకోమంటావా? చిన్నప్పుడు ఇద్దరం దొంగచాటుగా సినిమాకి వెళ్ళాం, టైటిల్స్ పడగానే నువ్వు నిద్రపోయావు, శుభం పడ్డాక నేనే లేపి ఇంటికి తీసుకొచ్చాను, ఇంట్లోగాని దారిలోగాని కథ ఒక్క ముక్క చెప్పలేదు, అని ఒట్టేసి చెప్పాను. ఎంత నవ్వారనుకున్నావ్! మీ అత్తగారికైతే పొలమారింది."

ఒకప్పుడు నా పళ్ళు తిన్నది బావ. ఇప్పుడు నా పళ్ళు నేనే కొరుక్కున్నాను. లోపలినుంచి మా నాన్న ఈ మాటలన్నీ విన్నాడు. ఆయన గడప దగ్గరికొచ్చి నన్ను తేరిపార చూసి, "అంటే ఆ ఏడు మన కాయ రాల్చిన గాలివాన..." అని ఆగిపోయాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళు, ఎప్పుడు కాయ రాలినా ఆయన ముందు నావైపే చూసేవాడు. చూడని సినిమాకి నాకు పడిన టిక్కెట్టు అది.

శ్రావణంలో మా ఆవిడ తిరిగొచ్చింది. మాటలు మంచినీళ్ళు కావాలా, మజ్జిగ పొయ్యనా వరకే ఉన్నాయి. సీజను అయిపోయింది కాబట్టి మాగేసే గదిలో పాత గడ్డి బయటికి లాగుతున్నాం. ఆవిడ ఒక మూల, నేను ఒక మూల. ఉన్నట్టుండి అడిగింది.

"ఏమండీ, టైటిల్స్ దగ్గరే నిద్రపోయిన మనిషికి అవ్వ ఎలా కనిపించింది?"

నోరు తెరిచాను. ఉన్నదున్నట్టు చెప్పేద్దామనే తెరిచాను. ఆవిడే మళ్ళీ అందుకుంది.

"ఆ సినిమా చూస్తున్నంతసేపూ నాకు అవ్వే కావాలనిపించింది. ఆ తీసినవాళ్ళకి లేని ఊహ మీకు వచ్చింది. ఇది నేనల్లిన కథే అని మొదటే చెబితే నేనేమన్నా అంటానా? దాన్ని తీసుకెళ్ళి ఆ మేక సినిమాకి ఎందుకు అంటగట్టారు?"

మాగే గదిలో తిన్న పళ్ళు, చందమామ మీద వదిలేసిన కుర్రాడు, విస్సన్నపేట గారెలు, మా నాన్న చూపు, అన్నీ ఒక్కసారి నా కళ్ళముందు తిరిగాయి. నిజం నాలుక చివర ఉంది. నిజం చెబితే ఆ ఊహంతా బావ ఖాతాలోకి పోతుంది. మింగేశాను.

"ఏదో, అలా తోచింది" అన్నాను, తల వంచుకుని. వినయం కూడా నటించాను.

"మరి పైరాయి లేకుండా వాడు కిందికెలా దిగాడు?"

అది బావ కూడా చెప్పలేదు. ఆవిడ గడ్డి చేతిలో పట్టుకుని నావైపు చూస్తోంది. ఆవిడ నన్ను అలా చూసి నెల దాటింది. ఎక్కడినుంచి వచ్చిందో, మాట వచ్చేసింది. అవ్వ కొత్తరాయితో విసిరితే పిండి ధారలా కారింది. కుర్రాడు ఆ ధార పట్టుకుని జారుతూ జారుతూ నూజివీడు దగ్గర ఒక తోటలో పడ్డాడు. వాడి ఒంటికి అంటిన పిండి దులుపుకుంటే కొమ్మలకి అంటుకుంది. మాఘమాసంలో మామిడిచెట్లకి కనిపించే పూత అదే.

ఆవిడ నవ్వింది. గడ్డి మొత్తం నేనే మోశాను ఆ రోజు.

ఆ కథ విస్సన్నపేట చేరింది. అక్కడినుంచి చుట్టాలిళ్ళకి పాకింది. పిల్లలు నన్ను చూస్తే "అవ్వ తాలూకు మావయ్య" అనేవాళ్ళు. బావ చెవిన మాత్రం పడలేదు, మా అమ్మాయి అన్నప్రాసన దాకా.

ఆ రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక మగవాళ్ళం అరుగుమీద తాంబూలాలు వేసుకుంటున్నాం. మా ఆవిడ తమ్ముడు పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని, "ఇది మా బావగారు అల్లిన కథర్రా" అని మొదలుపెట్టాడు. అవ్వ దగ్గరికి వచ్చేసరికి బావ నోట్లో తాంబూలం ఆగిపోయింది.

"ఆగవయ్యా! అవ్వ నాది. చందమామ, పైరాయి, అన్నీ నావే. చిన్నప్పుడు సినిమా చూసొచ్చి వీడికి చెప్పింది నేను!"

"అదేంటండీ అన్నయ్యగారూ" అన్నాడు మా ఆవిడ తమ్ముడు. "ఆ సినిమా అప్పట్లో మేమందరం చూశాం, అందులో అవ్వ లేదు కదా. పైగా బావగారు నిద్రపోయారనీ, మీరు ఒక్క ముక్క కూడా చెప్పలేదనీ మా ఇంట్లో గారెలు తింటూ ఒట్టేశారు కదండీ!"

"ఒట్టా? అది... వీడి పరువు కోసం వేశాను!"

"మా అమ్మ ఇక్కడే ఉంది, పిలవనా?"

అందరూ నవ్వారు. మా నాన్న కూడా నవ్వాడు. బావ మొహం కందగడ్డలా అయింది. ఆయన జీవితంలో కల్పించిన ఒకే ఒక్క మంచి విషయం కళ్ళముందే పరాయి సొత్తయిపోతోంది, దస్తావేజు మీద ఆయన చేవ్రాలే ఉంది.

"ఒరేయ్, నువ్వు చెప్పరా! ఎవరు చెప్పారు నీకు? ఎవరి దగ్గర విన్నావు?" అని నా భుజం పట్టి ఊపాడు.

నేను అరుగు స్తంభానికి జారబడి, కళ్ళు మూసుకుని, సన్నగా గురక పెట్టాను.